వ్యానులో పదకొండు వందల నలభై పశువులు

నాకు పదకొండు వందల నలభై పశువులు ఉన్నాయని ప్రభుత్వం ఒక సోమవారం నాడు నాకు తెలియజేసింది. అంతవరకు నాకా సంగతి తెలియదు. నేను చేపలమ్ముకునే మనిషిని.

రిజిస్టరు పోస్టులో వచ్చిన నోటీసు అది. మా రేవులో పోస్టుమాన్ దాన్ని కవళ్ళనే చవక చేపల గంప మీద ఆనించి నాచేత సంతకం పెట్టించుకున్నాడు. అందులో ఇలా ఉంది:

"మైలపల్లి దానమ్మ అను వారు తమ పేరిట నమోదైన చిన్న సరుకు వాహనమునందు పదకొండు వందల నలభై పెద్ద పశువులను ఉంచి, బోడిమెట్ట మలుపు వద్ద వరుసగా నాలుగు బుధవారములు నిలిపినట్లు 'మందనేత్రం' యాప్ ద్వారా శాఖ దృష్టికి వచ్చినది. నియమముల ప్రకారము ఒక వాహనమునందు ఆరు పశువులకు మించి ఉంచరాదు. కావున అదనముగా ఉన్న పదకొండు వందల ముప్పై నాలుగు పశువుల విషయమై సదరు వాహనమును ఏల స్వాధీనపరచుకొనరాదో ఏడు దినములలో సంజాయిషీ ఇచ్చుకొనవలెను."

మొదటి ఆరు పశువుల గురించి వాళ్ళకు నా మీద ఫిర్యాదు లేదు. అంత న్యాయంగా రాశారు.

నా వ్యాను నడిపేది మా మరిది పోలయ్య. నోటీసు రెండుసార్లు చదివించుకుని, వ్యాను చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

"ఒదినా, ఒక్కటి కూడా కనబడ్డం లేదే."

"ఐసు పెట్టెల్లో సూసినావా?"

"సూసినాను. కానాగంత చేపలే ఉన్నాయి."

వ్యాపారం చేసేదాన్ని కాబట్టి తిట్టడానికి ముందు కొలిచాను. వ్యాను తొట్టి ఏడడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు. దాన్ని పదకొండు వందల నలభై వాటాలు వేస్తే ఒక్కో పశువుకు అగ్గిపెట్టెన్నర చోటు వస్తుంది. నాలుగు కాళ్ళూ అందులోనే పెట్టుకోవాలి. దాని మీద మళ్ళీ నా చేపల పెట్టెలు. ఇంత సర్దుబాటు తెలిసినదాన్నయితే చేపలెందుకు అమ్ముతాను, బస్సులు నడిపేదాన్ని.

ఇదెలా జరిగిందో తెలియాలంటే సుక్రు ఫోను సంగతి చెప్పాలి.

వారానికి రెండుసార్లు, బుధవారం ఒకటి, శనివారం ఒకటి, నేను తీరం నుంచి చేపలు వేసుకుని ఘాటీ రోడ్డున కొండెక్కి గుమ్మిడిపుట్టు సంతకు వెళతాను. నాకు గడియారం అక్కర్లేదు, ఐసు ఉంది. రేవులో పన్నెండు దిమ్మలు ఎక్కిస్తే ఘాటీ పైకి తొమ్మిది చేరతాయి, సంత కూడేసరికి ఏడు, సంత విడిచేసరికి రెండు. ఎవరైనా నాతో మాట్లాడుతుంటే ఎంత ఐసు కరిగిందో చూసుకుంటాను. మొగుడితో కాపురం కూడా అలాగే లెక్క కట్టాను, అది వేరే విషయం.

పాంగి సుక్రు ఆ కొండల్లో పశువైద్య సహాయకుడు. కాంట్రాక్టు ఉద్యోగం. పదకొండు ఊళ్ళు అతని కింద ఉన్నాయి. భుజాన మందుల పెట్టె, కాలికి రబ్బరు చెప్పులు. ఆ ఊళ్ళలో రైతు ఎద్దుకు సూది వేయించడమంటే ఆషామాషీ కాదు. సూది వేస్తే ఒకరోజు ఎద్దుకు జ్వరం వస్తుంది, ఆవు పాలు తగ్గుతాయి. గడప గడపకూ వెళ్ళి బతిమాలి, "నాలుగు వారాల తర్వాత రెండోది కూడా వేస్తాను, రెండూ పడితే మీ గొడ్డుకు గాలికుంటు రాదు, నాదీ పూచీ" అని చెప్పి మొదటి సూది వేశాడు. గాలికుంటు వస్తే పశువు నోరు పుళ్ళు పడి మేత మానేస్తుంది. గిట్టలు పుండై కూలబడుతుంది. వానలకు ముందు వస్తే ఆ ఏడాది దుక్కి లేనట్టే.

అప్పుడే శాఖ వాళ్ళు అతనికి ఒక ఫోను, అందులో 'మందనేత్రం' అనే యాప్ ఇచ్చారు. సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుందన్నారు. నిజమే, పనిచేసింది. ఎద్దు చెవికున్న బిళ్ళ నంబరు కొట్టి, సూది వేశానని నొక్కితే ఆ లెక్కను ఫోను కడుపులో దాచుకునేది. కాని దాచుకున్నది వెళ్ళి ఆఫీసు కంప్యూటరులో కలిసేవరకు సూది వేయనట్టే. అలా కలపడాన్ని సింక్ అంటారు. దానికి సిగ్నల్ కావాలి. పదకొండు ఊళ్ళలో ఎక్కడా సిగ్నల్ లేదు. ఘాటీ మీద బోడిమెట్ట మలుపులో, బండ పక్కన తూర్పుకు తిరిగి నిలబడితే దొరుకుతుంది. సుక్రు ఊళ్ళ నుంచి అక్కడికి పంతొమ్మిది కిలోమీటర్ల కొండదారి. ఒకరోజు సూదులు వేస్తే, వేశానని చెప్పుకోవడానికి రెండు రోజులు నడవాలి.

"ఏటి బావు, కాళ్ళు ఇలగయిపోనాయి?" అని సంతలో అడిగితే ఈ కథంతా చెప్పాడు.

"ఫోనుకి సిగ్నల్ కావాలి గానీ నీకెందుకు? దాన్ని నా గంపలో పడీ," అన్నాను.

ఆ రోజు నుంచి ప్రతి బుధవారం సాయంత్రం అతని ఫోను నాతో ఘాటీ దిగేది, శనివారం పొద్దున చేపలతో పాటు మళ్ళీ ఎక్కేది. మధ్యలో రెండు రోజులు అతను కాగితం మీద రాసుకుని తర్వాత ఫోనులో ఎక్కించుకునేవాడు. మలుపు దగ్గర వ్యాను ఆపి, పోలయ్య టీ తాగుతూ ఫోనును తూర్పుకు పట్టుకునేవాడు. అది కాసేపు గిరగిర తిరిగి, చివర "పశువు ప్రస్తుతము ఉన్న స్థలమును ఫోటో తీయుము" అని అడిగేది. పోలయ్య నిజాయితీపరుడు. అక్కడ ఉన్నది ఏమిటా అని చూశాడు. మా వ్యాను ఉంది. నంబరు పలక మీద మట్టి ఉంటే తువ్వాలుతో తుడిచి మరీ ఫోటో తీశాడు. నాలుగు బుధవారాలూ తుడిచాడు.

ఆ యాప్ రాసినవాళ్ళు తెలివైనవాళ్ళు. యాప్ తనంతట తానే వ్యాను నంబరు చదివి, అది ఎవరి పేరున ఉందో వెతికి, యజమాని అన్న చోట నా పేరు వేసేసుకుంది.

నోటీసు వచ్చిన వారం బుధవారమే సంతలో సుక్రు ఎదురొచ్చాడు. మొహంలో నెత్తురు లేదు.

"పిన్నీ, రెండో మోతాదుకి ఇండెంటు పెడితే తిప్పి పంపేసినారు. నా ఊళ్ళలో గొడ్లు లేవంట. సున్నా అంట. అవతలి లోయలో గాలికుంటు వచ్చేసినాది. అక్కడి సంత మూసేసినారు."

"ఎన్నాళ్ళలో ఇటొస్తాది?"

"రెండు వారాలు. గట్టిగా అయితే మూడు. రైతులకి మాటిచ్చినాను పిన్నీ. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని కొట్టాల్లోకి ఎల్లాల?"

నా స్వార్థం నేను దాచుకోను. గాలికుంటు వస్తే గుమ్మిడిపుట్టు సంత కూడా మూస్తారు. సంత మూస్తే నా చేపలు తినే నోళ్ళు మూసుకుంటాయి. ఎద్దు కూలబడ్డ ఇంట్లో ఆ ఏడు చేపల పులుసు కాగదు. సుక్రుకు మాట పోతుంది, రైతుకు దుక్కి పోతుంది, నాకు గిరాకీ పోతుంది. ముగ్గురం కలిసి మర్నాడు డివిజను ఆఫీసుకు వెళ్ళాం. ముగ్గురంటే నేను, సుక్రు, పోలయ్య. రైతు రాలేదు, అతనికి గొడ్లు లేవు కదా.

మందనేత్రానికి నోడల్ అధికారి విద్యాధరరావు గారు. తెల్ల చొక్కా, మెడలో గుర్తింపు కార్డు, మాటకు ముందు చిన్న దగ్గు. మొదట నన్ను తలుపు దగ్గరే నిలబెట్టారు. సెక్షను గుమస్తా వంగి ఆయన చెవిలో నా పశువుల సంఖ్య చెప్పాడు. వెంటనే కుర్చీ వచ్చింది.

"కూర్చోండమ్మా. ఇంత మంద ఉన్న పశుపోషకులు మన డివిజనులో మరొకరు లేరు."

"బావూ, అయి నాయి కావు. కొండమీద రైతులవి. కొండమీదే ఉన్నాయి."

"కొండమీద ఎక్కడ?"

"ఇదిగో, ఈ సుక్రు ఊళ్ళలో."

ఆయన కంప్యూటరు తెర మా వైపు తిప్పారు. పదకొండు ఊళ్ళ పేర్లు, పదకొండు సున్నాలు. కింద బోడిమెట్ట మలుపు, దాని ఎదురుగా నా వ్యాను నంబరు, పదకొండు వందల నలభై.

"శాఖ మనుషుల మాట వినే రోజులు పోయాయమ్మా. ఇప్పుడు డేటా మాట వింటుంది."

సుక్రు ముందుకొచ్చాడు. "సార్, సూదులు నేనే వేశాను. ప్రతి కొట్టంలోకీ వెళ్ళి వేశాను."

"ఎక్కడ వేశావు?"

"ఊళ్ళో సార్."

"ఊళ్ళో సిగ్నల్ ఉన్నదా?"

"లేదు సార్."

విద్యాధరరావు గారు దగ్గి, బడిలో లెక్క చెప్పినంత ఓపికగా చెప్పారు. "సిగ్నల్ లేనిచోట ఫోను చెప్పే స్థలమునకు సాక్ష్యం లేదు. సాక్ష్యం లేని స్థలము శాఖ దృష్టిలో స్థలము కాదు. స్థలము కానిచోట నువ్వు నిలబడి ఉండే అవకాశం లేదు. నిలబడకుండా సూది వేయలేవు. కాబట్టి సింక్ అయినచోటే వేశావు. అందులో నువ్వు సిగ్గుపడవలసినది ఏమీ లేదు. మూడు వందల సూదులు, పదకొండు నిమిషాల్లో! రాష్ట్రంలో ఇంతవరకు ఎవరూ వేయలేదు. నీ ప్రశంసాపత్రం టైపులో ఉంది."

"ప్రశంసాపత్రం వద్దు సార్. రెండో మోతాదు మందు ఇప్పించండి."

"ఆ ఊళ్ళకేనా? సున్నా పశువులకు తలా ఒక మోతాదు. గుణించి చూసుకో."

సుక్రు నిజంగానే గుణించుకుంటున్నట్టు నేల చూశాడు. తప్పు దిద్దుకోవడానికి దారి లేదా అని నేనడిగాను. ఉందట. యజమానినైన నేను ప్రతి పశువునూ అసలు రైతు పేరిట బదిలీ చేయాలి. బదిలీ సిగ్నల్ ఉన్నచోటే జరగాలి, కనుక పశువు బోడిమెట్ట మలుపుకు రావాలి. నేనూ, రైతూ, పశువూ ముగ్గురమూ ఒకే ఫోటోలో పడాలి. ఘాటీ రోడ్డు ఇరుకు కాబట్టి ఒక్కసారికి ఒక్క పశువే. ఒక్కోదానికి పది నిమిషాలు.

"దూడలు కూడానా సార్?" అన్నాడు సుక్రు.

"తల్లితో రావచ్చును. ఫోటో మాత్రం విడిగా."

నేను వేళ్ళమీద వేసుకున్నాను. గంటకు ఆరు, ఆఫీసు వేళల్లో రోజుకు నలభై ఎనిమిది, ఇరవై నాలుగు పని దినాలు. గాలికుంటు ఆదివారాలు కూడా పనిచేస్తుంది. ఇది కుదిరే బేరం కాదు. అప్పుడు నాకు ఇంకో వైపు నుంచి అడగాలనిపించింది. సంతలో ఎదుటివాడు తూకం వేసే రాయి మార్చనంటే, మనం తక్కెడలో వేసే సరుకు మార్చుకోవాలి.

"మందు ఊళ్ళకివ్వరు. మరెవరికిస్తారు బావూ?"

"పశువులు ఎక్కడ ఉంటే అక్కడికి."

"నా బండిలో ఉన్నాయంటున్నారు."

"డేటా అంటున్నది."

"అయితే నా బండికిస్తారా?"

ఆయన ఫైలు తిరగేశారు. గుమస్తా ఇంకో ఫైలు తిరగేశాడు. ఇద్దరూ తలలు కలిపి మాట్లాడుకున్నారు. బయట వ్యానులో ఒక దిమ్మ ఐసు అయిపోయింది.

"అవి తమ పశువులేనని యజమాని ఒప్పుకోలు పత్రం ఇచ్చిన పక్షంలో," అన్నారు చివరికి, "రెండో మోతాదు ఇవ్వక శాఖకు గత్యంతరం లేదు. మీ అర్హత నూటికి నూరు శాతం."

గుమస్తా మెల్లగా కలిపాడు. "ఒప్పుకుంటే మటుకు, ఆరుకు మించినవాటి కేసు గట్టిపడుతుందమ్మా. వ్యాను సీజ్ చేయాలి."

పోలయ్య నా చీర కొంగు పట్టుకు లాగాడు. "ఒదినా, ఇంటికి పోదాం. గొడ్లు మనవి కావని రాసిచ్చీ. బండి మిగుల్తాది."

"ఆలోచించుకుని సెప్తాను బావూ. ఈలోగా మీరొచ్చి ఒకసారి తనిఖీ సేసుకోండి. నా బండి బుధవారం మలుపు దగ్గరే ఉంటాది," అన్నాను.

ఆ వారం నేను వేసుకున్న లెక్క ఇది. వ్యాను పోతే మునిగేది నేను. మందు రాకపోతే మునిగేది పదకొండు ఊళ్ళు, వాటితోపాటు నేను కూడా. రెండు వైపులా నేను ఉన్నాను, ఒక వైపు ఒంటరిగా ఉన్నాను, అంతే తేడా. వ్యాను పోగొట్టుకుని తలమీద గంపతో మళ్ళీ లేచినవాళ్ళను మా రేవులో చూశాను. గిరాకీని పోగొట్టుకుని లేచినవాళ్ళను చూడలేదు. అయినా వ్యాను ఇచ్చేసుకోవడానికి నాకు మనసు రాలేదు. బేరం ఇంకా ముగియలేదనిపించింది.

బుధవారం విద్యాధరరావు గారు జీపులో వచ్చారు. వెంట గుమస్తా, కొలిచే టేపు, కెమెరా. పోలయ్య తొట్టి తలుపు తీశాడు. గుమస్తా ఎక్కి, ఐసు పెట్టెల మూతలు ఒక్కొక్కటీ ఎత్తి చూసి, ముక్కు మూసుకుని దిగాడు.

"సార్, పశువులు సున్నా. కానాగంతలు నాలుగు పెట్టెలు, కవళ్ళు రెండు, కోనాం ఒకటి." కోనాం నా సరుకులోకెల్లా ఖరీదైన చేప, ఆ పెట్టె మూత అతను కొంచెం నెమ్మదిగా వేశాడు.

విద్యాధరరావు గారు తూర్పుకు తిరిగి ఫోను చూసుకున్నారు. అక్కడ సిగ్నల్ బాగుంది. తెర మీద పదకొండు వందల నలభై నిండుగా వెలుగుతున్నాయి. ఆయన ఒకసారి వ్యాను వైపు, ఒకసారి ఫోను వైపు చూశారు. రెంటిలో ఏది తన పై అధికారి చూస్తాడో ఆయనకు తెలుసు.

"కంటికి కనబడేది ఆ నిమిషానికే పరిమితం. డేటా స్థిరమైనది. రాయి," అని గుమస్తాకు చెప్పారు. "తనిఖీ సమయమున పశువులు వాహనమునందు కానరాలేదు. మేతకు వెళ్ళి ఉండవచ్చును."

గుమస్తా రాశాడు. నేను పెన్ను కాగితం మీద నుంచి లేచేదాకా ఆగాను.

"బావూ, నాకు సదువు తక్కువ. ఒక ముక్క సెప్పండి. గొడ్లు పగలు మేతకెళ్ళి, మాపటేళ తిరిగొచ్చి పడుకున్న సోటుని ఏటంటారు?"

"పశువుల శాల అంటారు."

"శాలలో ఆరు గొడ్లకి మించి ఉండకూడదని రూలుందా?"

"లేదు. అది వాహనములకు మాత్రమే."

"మరి ఇప్పుడు మీరు రాసినారు కదా, మేతకెళ్ళినాయని."

విద్యాధరరావు గారు గుమస్తా చేతిలో కాగితం తీసుకుని తాము చెప్పిందే మళ్ళీ చదువుకున్నారు. గుమస్తాకు మాత్రం అనుమానం పోలేదు.

"దీనికి చక్రాలున్నాయమ్మా."

"తోపుడుబండికీ ఉన్నాయి. దాని మీద ఇడ్లీలమ్మితే హోటలంటారా, బండంటారా? మీరు ఏ పన్ను రాసుకుంటారు?"

విద్యాధరరావు గారి మొహం మెల్లమెల్లగా వెలగడం నేను చూశాను. పాపం, ఆయన మెడకు కూడా ఈ కేసు చుట్టుకునే ఉంది. పదకొండు వందల ముప్పై నాలుగు అదనపు పశువులు నాలుగు బుధవారాలు మలుపులో నిలబడితే ఆయన ఏం చేస్తున్నట్టు అని పైవాళ్ళు అడక్క మానరు. అదే శాల అయితే అడిగేవాళ్ళు లేరు, మెచ్చుకునేవాళ్ళే.

"సంచార పశుశాల!" అన్నారాయన. "చక్రములపై పశుసంక్షేమం! దానమ్మగారూ, ఇన్నాళ్ళూ మీరు శాఖకు ఎందుకు తెలియజేయలేదు?"

"నాకూ ఈమధ్యనే తెలిసింది బావూ."

ఒప్పుకోలు పత్రం మీద అక్కడే, ఐసు పెట్టె మూత మీద పెట్టి సంతకం చేశాను. ఓవర్‌లోడు ఫైలు మూసి, ప్రయోగాత్మక పథకం ఫైలు తెరిచారు. రెండు ఫైళ్ళకూ తాడు ఒకటే, మొదటిదాని నుంచి విప్పి రెండోదానికి కట్టారు. పథకానికి సుక్రును బాధ్యుణ్ణి చేస్తూ ఉత్తర్వు వచ్చింది. పనిచేయు స్థలము అన్నచోట నా వ్యాను నంబరు వేశారు. వ్యాను పక్కన బోర్డు రాయించారు. దాని ఖర్చుకు బిల్లు పెట్టుకోవచ్చునన్నారు, నేను పెట్టలేదు. ఆ బిల్లు పాసయ్యేలోగా కరిగే ఐసుతో ఇంకో వ్యాను కొనుక్కోవచ్చు.

మర్నాడే పక్క జిల్లా నుంచి అయిదుగురు అధికారులు మా పథకాన్ని అధ్యయనం చేయడానికి వచ్చారు. వ్యానును నాలుగు వైపులా ఫోటో తీసుకున్నారు. అందులో పెద్దాయన తొట్టిలోకి తొంగి చూసి, గౌరవంగా అడిగాడు.

"మేడమ్, ఇంత తక్కువ స్థలంలో ఇంత మందను ఎలా సర్దుతున్నారు?"

"ఐసు వేస్తాను," అన్నాను.

ఆయన రాసుకున్నాడు. తర్వాత తెలిసింది, వాళ్ళ జిల్లాలో ఇంతకు రెండింతలున్న లారీలో ఏడు వందల పశువులే పట్టాయట. స్థలాన్ని సరిగా వినియోగించలేదని అక్కడి అధికారికి మెమో ఇచ్చారు.

ఈ సందడిలో నాకు కావలసింది శుక్రవారం వచ్చింది. పదకొండు వందల నలభై మోతాదులు, మూడు తెల్ల పెట్టెల్లో. పదిహేడు చోట్ల సంతకం పెట్టాను. సుక్రు పెట్టెలను తన పిల్లల్లా పట్టుకుని నిలబడ్డాడు.

"పిన్నీ, ఐసు మందుకి తగలకూడదు. గడ్డకడితే పోతాది. సల్లగా ఉండాల, గడ్డకట్టకూడదు."

"నాకు సెప్తావేటి? కోనాం కూడా అంతే."

గోనెపట్టా పరిచి, ఊక పోసి, మధ్యలో పెట్టెలు దించి, ఐసును ఎడంగా పేర్చాను. మందుకు చోటు కావాలంటే చేపలు దిగాలి. ఆ శనివారం నా వ్యాను ఒక్క చేప లేకుండా ఘాటీ ఎక్కింది. ముప్పై ఏళ్ళలో అదే మొదలు. సంతలో నా చోటు ఖాళీగా చూసి, నా పక్కన ఎండుచేపలమ్మే ఆవిడ నేను పోయాననుకుని ఏడ్చిందట. ఆ తర్వాత నా చోట్లోకి జరిగిందట.

మందు వేయడానికి అయిదు రోజులు పట్టింది. రోడ్డు ఉన్నంతవరకు వ్యానులో, తర్వాత సుక్రు భుజం మీద. రైతులు ఈసారి బతిమాలించుకోలేదు. అవతలి లోయలో గొడ్లు కూలబడ్డ సంగతి వాళ్ళకూ చేరింది. ఒక్కరే గొణిగారు, సూది చేపల వాసన వస్తోందని. బుధవారం మలుపు దగ్గర పోలయ్య ఎప్పటిలాగే నంబరు పలక తుడిచి ఫోటో తీశాడు. ఈసారి నేనే తీయమన్నాను. నా శాలలో పశువులన్నిటికీ రెండో మోతాదు పడినట్టు యాప్ ఒప్పుకుంది.

పది రోజులకు గాలికుంటు కొండ దాటింది. ఎవరో బయటి వ్యాపారి తెచ్చిన రెండు గొడ్లు గుమ్మిడిపుట్టు పొలిమేరలో చొంగ కారుస్తూ కూలబడ్డాయి. సుక్రు వారం రోజులు నిద్ర లేకుండా పదకొండు ఊళ్ళూ తిరిగి ప్రతి ఎద్దు నోరూ తెరిచి చూశాడు. ఏమీ దొరకలేదు. సంత మూయలేదు. వానలు పడ్డాయి. ఘాటీ ఎక్కుతుంటే కొండవాలుల్లో నాగళ్ళు కనిపించేవి. నేను లెక్కపెట్టేదాన్ని కాదు గాని, పోలయ్య మాత్రం "ఒదినా, అదిగో మనవి," అని చూపించి నవ్వేవాడు.

ఆ తర్వాత వచ్చిన బుధవారం, సంత నిండుగా ఉన్న వేళ, పై ఊరి కొర్రా బుద్రు ఎద్దును తోలుకుని నా వ్యాను దగ్గరికి వచ్చాడు. ముసలివాడు. ఎప్పుడూ అల్లం బస్తా దించి, అర కిలో కవళ్ళకు అరగంట బేరమాడే మనిషి. ఆ రోజు బస్తా లేదు. ఎద్దును నా వ్యాను వెనక కొక్కేనికి కట్టేశాడు.

"ఇదిగో, నీ ఎద్దు."

"నా ఎద్దేటి తాతా?"

"సుక్రు సెప్పినాడు. మా ఊరి గొడ్లన్నీ కాగితం మీద నీయేనట. సర్కారు కాగితమట. సర్కారు తప్పు రాస్తాదా?"

"రాయదు," అన్నాను. సంతలో నిలబడి ప్రభుత్వాన్ని తిట్టడం వ్యాపారానికి మంచిది కాదు.

"అయితే నీ ఎద్దుకి రెండు నెల్లుగా మేత నాను ఏసినాను. నీళ్ళు నాను పెట్టినాను. పేడ నాను ఎత్తినాను. దాని కూలి ఇయ్యి."

చుట్టూ జనం చేరారు. నాకు లోపల సంతోషమే అయింది. ఇది నాకు తెలిసిన ఆట.

"ఇస్తాను తాతా. మరి నా ఎద్దుతో నువ్వు దుక్కి దున్నుకున్నావు. దాని అద్దె ఇయ్యి. సరికి సరి."

బుద్రు తల ఊపాడు. ఈ మాట వస్తుందని అతను కొండ దిగుతున్నప్పుడే అనుకున్నట్టున్నాడు.

"ఇస్తాను. నీ ఎద్దు ఎన్నాళ్ళు దున్నినాదో సెప్పు."

"నాకేటి తెలుసు? దున్నింది నువ్వు."

"ఆసామివి నువ్వు. నీ ఎద్దు ఏ రోజు ఏ పని సేసినాదో రాసుకోనేదా?" అని, పంచె మడతలోంచి ఒక తాడు తీశాడు. వరుసగా ముడులున్నాయి. "నా లెక్క నా కాడుంది. రోజుకో ముడి. అరవై ఒకటి. ఎంచుకో."

ఎంచుకోలేదు. అతని వెనక ఇంకా మనుషులు నిలబడి ఉన్నారు. ఎవరూ తోసుకోవడం లేదు, వరుసగా నిలబడ్డారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో తాడు వేలాడుతోంది. ఆ వరుస మిరపకాయల అంగడి దాటి, గుడ్డల అంగడి దాటి, వంతెన దాకా ఉంది. చివర సుక్రు కనిపించాడు. నన్ను చూసి, ఏదో పనున్నట్టు పక్కకు తిరిగిపోయాడు.

"ఒదినా, ఇదేటి అన్యాయం? ఒట్టి కాగితానికి చేపలిచ్చేత్తామా?" అన్నాడు పోలయ్య.

నేను ఎద్దు వైపు చూశాను. అది తొట్టి అంచు మీద మెడ చాపి, ఐసు పెట్టె మూత పక్కకు నెట్టి, కరుగుతున్న ఐసును నాకుతోంది. ఎర్రని, పొడవాటి నాలుక. దాని మీద ఒక్క పుండు లేదు. గిట్టలు నల్లగా, గట్టిగా నేల మీద ఆనుకుని ఉన్నాయి.

తక్కెడ తీశాను. బేరమాడకుండా తూకం వేయడం నాకు చేతకాదు, అయినా వేశాను. కిలో కవళ్ళు తూచి అడ్డాకులో పోసి, బుద్రు చేతిలో పెట్టి, రెండో పెట్టె విప్పమని పోలయ్యకు చెప్పాను.

బుద్రు ఆకు విప్పి చూసుకున్నాడు. కవళ్ళను వేలితో అటూ ఇటూ కదిపాడు.

"ఇంత మంద ఉన్న ఆసామివి," అన్నాడు. "కవళ్ళేటి? కోనాం నేదా?"